మళ్లీ పరీక్షకు కూర్చునే నర్సు: జ్ఞాపకశక్తి శాస్త్రం చెప్పే దారి

మన దగ్గర జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటే నర్సుగా పనిచేసే అర్హత వచ్చినట్టే. అందుకు వేరే పరీక్ష లేదు. అసలు వడపోత ఆ తర్వాతే. సర్కారు కొలువు కావాలంటే తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి పరీక్ష రాయాలి. అమెరికాలో పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ దాటాలి.

2023 ఆగస్టు 2న జరిగిన స్టాఫ్ నర్సు పరీక్షలో రాతకు 80 మార్కులు, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సేవకు గరిష్ఠంగా 20 మార్కులు. గిరిజన ప్రాంతంలో పనిచేసినవారికి ప్రతి ఆరు నెలలకు రెండున్నర, ఇతర చోట్ల రెండు. అంటే భద్రాచలం ఏజెన్సీలో నాలుగేళ్లు చేస్తే ఆ 20 పూర్తిగా దక్కుతాయి. వాగులు దాటి పనిచేసినవారికి ఇది న్యాయమే. కానీ మిగిలిన 80 కుర్చీలో కూర్చుని తెచ్చుకోవాల్సినవే.

ఒకసారి తప్పాక చాలామంది చేసేది మరో గైడు కొనుక్కుని మొదటి పేజీ నుంచి మళ్లీ చదవడం. ఇది శ్రమే గానీ ఫలితం తక్కువ. 2006లో అమెరికా మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ ఒక పాఠాన్ని విద్యార్థులకిచ్చి చూశారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవారిదే పైచేయి. వారం గడిచాక మాత్రం వారికి గుర్తున్నది 40 శాతం, రాసినవారికి 61 శాతం. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది చదివినవారే. కళ్లకు అలవాటైన పేజీ బుర్రకెక్కిందనే భ్రమ కలిగిస్తుంది.

గుర్రపువాతం వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చే సందర్భం తీసుకుందాం. ప్రశ్న ఇలా రావచ్చు: మందు మోతాదు మించిందని ముందుగా తెలిపే గుర్తు ఏది? మోకాలి కుదుపు తగ్గడం, శ్వాస మందగించడం, గుండె ఆగడం అని మూడు జవాబులు ఎదుట ఉంటే అన్నీ నిజమే అనిపిస్తాయి. ముందు పోయేది మోకాలి కుదుపు, తర్వాత శ్వాస, చివరికి గుండె. అందుకే తర్వాతి డోసుకు ముందు మోకాలు తట్టి చూడాలి, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదని, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదని చూసుకోవాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుకోవాలి. ఈ వరుసను పుస్తకం చూడకుండా కాగితంపై రాసి, ప్రతి మెట్టుకూ 'ఎందుకు?' అని రాసుకున్నవారు పరీక్షలో తడబడరు. పీహెచ్‌సీలో చేసే నర్సుకు ఈ అవకాశం పట్నపు కోచింగ్ విద్యార్థికన్నా ఎక్కువ. లేబర్ రూమ్‌లో చేసిన పనిని ఆ సాయంత్రమే ప్రశ్నగా మార్చుకోవచ్చు.

ఒకే రోజు పది గంటలు కూర్చోవడం కన్నా అవే గంటలను రోజులపై పరచడం మేలు. నేర్చినది మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా చెదిరిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపాడు. మరుపు మొదలయ్యాక కష్టపడి గుర్తు తెచ్చుకున్నదే గట్టిపడుతుంది.

ఎన్‌క్లెక్స్ తీరు వేరు. సరిగా జవాబిస్తే కంప్యూటర్ మరింత కష్టమైన ప్రశ్న వేస్తుంది, తప్పితే తేలికది. ప్రశ్నలు 85 నుంచి 150 వరకు. బాగా రాసేవారికీ దాదాపు సగం ప్రశ్నలు తప్పే స్థాయికి అది తీసుకెళ్తుంది కాబట్టి, 'చాలా కష్టంగా వచ్చింది' అన్న అనుభూతిని బట్టి ఏదీ తేల్చలేం. తప్పినవారికి ఏ విభాగంలో ప్రమాణానికి పైన, దగ్గర, కింద ఉన్నారో తెలిపే నివేదిక వస్తుంది. మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి. ఆ వ్యవధిలో ముందుగా 'కింద' అని ఉన్న విభాగాలనే పట్టాలి.

ఇక నిద్ర. నేర్చుకున్నాక నిద్రపోయినవారు మెలకువగా ఉన్నవారికంటే తక్కువ మరుస్తారని 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ చూపారు. కాబట్టి డ్యూటీ చార్టు వేసే మెడికల్ ఆఫీసర్లకు, హెడ్ నర్సులకు ఒక మనవి: మీ దగ్గర పరీక్షకు చదువుతున్న నర్సు ఉంటే, ఆ నెల నైట్ డ్యూటీలు వరుసగా వేయకండి.