నమిలే నోటికీ నిలిచే జ్ఞాపకానికీ ఉన్న సంబంధం

వయసు మళ్లాక పళ్లు ఊడిపోవడం సహజమేనని, అన్నం మెత్తగా పిసికి పెట్టినా, జావ కాచి ఇచ్చినా పూట గడిచిపోతుందని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. ఆకలి వరకైతే ఆ మాటలో తప్పులేదు. కానీ నమలడం, రుచి చూడడం, మింగడం, మాట్లాడడం అనే పనులతో నోటినుంచి మెదడుకు నిరంతరం అందే సంకేతాలు, అంటే పరిశోధకులు నోటి ఉద్దీపన అని పిలిచేవి, తగ్గిపోతే వృద్ధుల జ్ఞాపకశక్తికి ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ మాటలో జవాబు లేదు. 60 ఏళ్లు దాటిన భారతీయుల్లో సుమారు 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది, మతిమరుపు ముదిరి రోజువారీ పనులు కూడా చేసుకోలేని డిమెన్షియాతో బతుకుతున్నారని జాతీయ స్థాయి అధ్యయనం 2023లో అంచనా వేసిన దేశంలో ఇది పట్టించుకోవలసిన ప్రశ్న.

పన్ను దవడ ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. దాని వేరు చుట్టూ సన్నని నారపొర ఉంటుంది, అందులోని నాడీ కొనలు కొరికినప్పుడు పడే ఒత్తిడి ఎంతో, ఏ దిక్కునుంచో పసిగట్టి, ముఖానికి స్పర్శజ్ఞానాన్నిచ్చే త్రిధార నాడి ద్వారా మెదడుకు చేరవేస్తాయి. మాంట్రియల్ శస్త్రవైద్యులు పెన్‌ఫీల్డ్, బోల్డ్రే 1937లో మెదడు ఉపరితలంపై శరీర భాగాల పటం గీసినప్పుడు, పెదవులకు, నాలుకకు వాటి పరిమాణంతో పోలిస్తే ఎంతో ఎక్కువ చోటు దక్కింది. పన్ను పోతే దానితోపాటు ఈ నారపొర, దాని సంకేతమూ పోతాయి. జపాన్ పరిశోధకులు ముసలి ఎలుకల దవడపళ్లను తొలగించి చూసినప్పుడు, కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగంలో నాడీకణాలు తగ్గాయి, ఎలుకలు దారి గుర్తుపెట్టుకోవడంలో వెనకబడ్డాయి.

మనుషుల విషయంలో 14 అధ్యయనాలను, 34,074 మంది వివరాలను కలిపి 2021లో చేసిన విశ్లేషణలో, పళ్లు ఎక్కువగా పోయినవారికి జ్ఞానశక్తి తగ్గే ముప్పు 1.48 రెట్లు, డిమెన్షియా ముప్పు 1.28 రెట్లు కనిపించింది. కట్టుడు పళ్లు పెట్టుకున్నవారిలో మాత్రం ఆ తేడా స్పష్టంగా నిలవలేదు. అయినా దీన్ని కార్యకారణంగా చెప్పేయడం తొందరపాటు, ఎందుకంటే పేదరికం, పొగాకు, చక్కెర వ్యాధి పళ్లనూ మెదడునూ కలిపే దెబ్బతీస్తాయి, పైగా మతి తప్పడం మొదలైన మనిషి పళ్లు తోముకోవడమే మరిచిపోతాడు. నివారించదగిన 14 ముప్పులను పేర్కొన్న 2024 నాటి లాన్సెట్ కమిషన్ జాబితాలో వినికిడి లోపం ఉంది గాని పళ్లు పోవడం లేదు.

రుజువు ఇంకా పూర్తికాకపోయినా నోటి సంరక్షణను వాయిదా వేయనక్కర్లేదు, ఎందుకంటే దాని మేలు మరోచోట ఇప్పటికే తేలింది. జపాన్‌లోని 11 వృద్ధాశ్రమాల్లో భోజనం తర్వాత సిబ్బందే వృద్ధుల పళ్లు, చిగుళ్లు శుభ్రం చేసినప్పుడు, నోటి క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియా తగ్గిందని 2002లో వెలువడిన నివేదిక చూపింది. అదే దేశంలో భోజనానికి ముందు వృద్ధుల చేత 'పా, తా, కా, రా' అని పలికించే అలవాటు ఉంది: 'పా' పెదవులకు, 'తా' నాలుక కొనకు, 'కా' నాలుక మొదటికి, 'రా' నాలుక చుట్టడానికి పని చెబుతుంది. ఆ శబ్దాలన్నీ తెలుగులోనూ ఉన్నవే గనుక చదువు రాని అవ్వ చేత కూడా పలికించవచ్చు.

మాట కూడా నోటి పనే. నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఒకే భాష వచ్చినవారికంటే సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా జబ్బు లక్షణాలు మొదలయ్యాయని, చదువు రానివారిలోనూ అలాంటి తేడా ఉందని 2013లో ప్రకటించింది. ఇది నమలడం గురించిన రుజువు కాదు, రెండు భాషల వాడుక మెదడుకు చేసే సాయం గురించిన పరిశీలన. అయినా కోయ, లంబాడీల గోర్ బోలీ మాట్లాడే ఇళ్లలో తెలుగు కూడా వినిపించే ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెలకు ఈ ఫలితం దగ్గరిది. పళ్లు లేక మాట స్పష్టత పోయి, నలుగురిలో నోరు విప్పడానికి సంకోచించే వృద్ధుడికి ఆ భాషలు ఉండీ వాడుకకు రావు.

అలాంటి పల్లెలున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జూలూరుపాడు మండలంలో పూర్తి కట్టుడు పళ్లు కావలసిన వృద్ధులు ఖమ్మం వంటి పట్టణం దాకా వెళ్లాలి. అచ్చు తీయడం, కాటు సరిచూడడం, ఒరుసుకున్న చోట సరిచేయడం అంటూ ఆ పని ఒక్కరోజుతో తెమలదు, కూలికి వెళ్లే కొడుకు ప్రతిసారీ పని మానుకుని తోడు రావాలి. అందుకే ప్రభుత్వం పల్లెల్లో కంటి శిబిరాలు పెట్టి అద్దాలు ఇచ్చినట్టే, పళ్ల అచ్చు తీసుకుని మళ్లీ వచ్చి బిగించే శిబిరాలూ మండలానికొకటి నడపాలి.