రొదయు సంగీతమగునా?

వీణ తంత్రిని మీటినప్పుడది క్రమము తప్పక కంపించును. కావున దాని ధ్వనికొక స్వరము కలదు. బండిచక్రము రాళ్లపై దొర్లునప్పుడు పుట్టు కంపములకు అట్టి క్రమము లేదు. మొదటిది నాదము, రెండవది రొద. జర్మను శాస్త్రజ్ఞుడగు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన గ్రంథమున ఈ భేదమును విశదపఱచెను. అయితే రొదకు సంగీతమున చోటు లేదా? ఈ ప్రశ్న నడిగి జనుల యాగ్రహమునకు గురియైన యొకని వృత్తాంతమును విద్యార్థులు తెలిసికొనదగును.

ఇటలీ దేశస్థుడగు లూయిజీ రుస్సోలో 1885లో జన్మించెను. తండ్రి ఆర్గను వాద్యకుడు. ఇతడు మాత్రము చిత్రకారుడయ్యెను. యంత్రములు పుట్టిన పిదప మనుష్యుని చెవి మారినదనియు, ట్రాముబండ్లు, మోటార్లు, జనసమ్మర్దము చేయు ధ్వనులనుగూడ సంగీతమున చేర్చవలెననియు 1913 మార్చి 11వ తేదీగల ప్రకటనపత్రమున వాదించెను. అంతటితో నూరకుండక, ఉగో పియాట్టి యను మిత్రుని సాయమున నూతన వాద్యములను నిర్మించెను. అవి బాకా నమర్చిన చెక్కపెట్టెలు. వెలుపలి పిడిని త్రిప్పగా లోపలి చక్రము తంత్రిని ఒరయును. ఆ కంపము బిగించిన పొరకు చేరి బాకాగుండ వెలువడును. మీది మీటను జరిపినచో తంత్రి బిగువు మారి ధ్వని హెచ్చును, తగ్గును.

1914 ఏప్రిల్ 21న మిలాను నగరమున వానితో కచ్చేరి జరుపగా, శ్రోతలు కేకలు వేసిరి, కొట్లాటయు జరిగెను. అయినను రుస్సోలో మానలేదు. అతడు 1947లో మరణించెను. ఆ వాద్యములు రెండవ ప్రపంచయుద్ధకాలమున నశించినవి, తలంపు నశింపలేదు.

జపానునందు మసామి అకిత యనువాడు 1979 మొదలు మెర్జ్‌బౌ అను పేరున రొదసంగీతమును చేయుచున్నాడు. మైకును లౌడుస్పీకరు నెదుట నుంచిన కీచుమను మ్రోత పుట్టుట మీరెఱుగుదురు. స్పీకరునుండి వచ్చిన ధ్వని మరల మైకున జొచ్చి, పదేపదే పెరుగుటయే దానికి కారణము. ఇతరులు దోషమని తొలగించు ఈ మ్రోతయే ఇట్టివారికి ముడిసరకు. పెద్ద కంపెనీల నాశ్రయింపక, అతడు తొలినాళ్లలో తన కేసెట్లను తానే సిద్ధపఱచి తపాలాద్వారా పంపెడివాడు. అమెరికాలో కార్లోస్ జిఫోని అను రొదసంగీతకారుడు 2004లో న్యూయార్కు నగరపు బ్రూక్లినునందు ఇట్టి వాద్యకులకై నో ఫన్ ఫెస్ట్ అను ఉత్సవమును స్వయముగా నేర్పాటుచేసెను. పిలుచువారు లేనిచో, తామే వేదికను కల్పించుకొనుట వీరి రీతి.

దూరదేశముల మాట యటుండనిండు. మన అరకు ప్రాంతపు థింసా నృత్యమునకు డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు మ్రోగును. శాస్త్రలక్షణమును బట్టి చూచిన డప్పు చర్మము కంపించుట తంత్రి కంపించునంత క్రమమైనది కాదు. అయినను ఆ దెబ్బలయందలి లయ అనేకుల పాదముల నొక్కటిగా నడపును. క్రమము ధ్వనిలో లేకున్నను దానిని కూర్చు తీరులో నుండవచ్చును. దీని నెఱుగని పట్టణవాసి కొండవారి వాద్యమును వట్టి గోలయని త్రోసివేయును. అది విని మన పిల్లలును సిగ్గుపడి డప్పును విడిచిన నష్టమెవరిది?

ప్రతి రొదయు సంగీతమని నా భావము కాదు. దినమున కెనిమిది గంటలు 85 డెసిబెల్లులకు మించిన ధ్వనిని నిత్యము వినుట చెవికి హాని. సంగీతమని పేరిడినంతమాత్రమున ఆ హాని తొలగదు. కాని యొక ధ్వని నచ్చకపోవుట వేఱు, అందర్థము లేదనుట వేఱు. మొదటిది చెవి చెప్పును. రెండవది చెప్పుటకు ముందు ఓపికతో వినవలెను.