కంతు ఆపితే అప్పు ఆగుతుందా?

నెల మొదటి వారం వచ్చిందంటే మన లైన్లల్లో ఫోన్లు మోగుతానే ఉంటాయి. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, ఒక అంకె, కింద బ్యాంకు పేరు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే చెప్తారు: "నాయనా, బైకు కంతు పోయింది" అని. లేకుంటే "కంతు వాపసు పోయింది, చార్జీ పట్టుకున్నారు" అని. ఈ రెండో రకం మెసేజీ రెండు నెలలు వరసగా వస్తే చాలు, ఎవరో ఒకరు అననే అంటారు: "బ్యాంకుకు పోయి ఆ ఆటో డెబిట్ తీసేయించు, పీడ పోతుంది."

పోదు. ఆ మాట నమ్మి ఆపేసినోళ్ళకు ఏడాది రెండేండ్ల తర్వాత ఇల్లు కట్టుకోను, పాపను కాలేజీలో చేర్చను అప్పు కావాల్సొచ్చినప్పుడు బ్యాంకులో "మీ సిబిల్ బాగలేదు" అని కాగితాలు తిరిగిచ్చేస్తారు. అప్పుడు మనకు మిగిలేది నూటికి మూడు, నూటికి ఐదు వడ్డీ తిప్పేవాళ్ళ గడప. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాం.

అప్పు తీసుకున్న రోజు పదిచోట్ల సంతకాలు పెట్టించుకుంటారు కదా. అందులో ఒక కాగితం మాండేట్. "ఫలానా తారీఖున నా ఖాతాలోనించి ఇంత డబ్బు తీసుకోవచ్చు" అని మనం ఇచ్చే అనుమతి అది. ఇప్పుడు ఆధార్‌తోనో డెబిట్ కార్డుతోనో ఫోన్లోనే ఇప్పిస్తున్నారు. ఇదివరకు దీన్ని ఈసీఎస్ అనేవాళ్ళు, ఇప్పుడు నాచ్ అంటారు. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థే దీన్నీ నడుపుతుంది. 2021 ఆగస్టు 1 నుంచి ఇది ఆదివారం లేదు, పండగ లేదు, అన్ని రోజులూ పనిచేస్తుంది. "ఐదో తారీఖు ఆదివారం వచ్చింది, సోమవారం పొద్దున డబ్బు వేస్తే సరిపోతుంది" అనే పాత లెక్క ఇంక చెల్లదు.

మాండేట్ వేరు, అప్పు వేరు. తుంగభద్ర కాలువ కింద సేద్యం చేసిన ఇండ్లలో పుట్టినోళ్ళం మనం. తూము మూసుకున్నంత మాత్రాన నీటి తీరువా బాకీ పోతుందా? ఇదీ అంతే. మాండేట్ ఆపితే డబ్బు పోయే దోవ మూసుకుంటుంది, కట్టాల్సిన తారీఖు మాత్రం మారదు. ఆ తారీఖు దాటిన ప్రతి రోజునూ అప్పిచ్చినవాళ్ళు లెక్క రాసుకుంటానే ఉంటారు.

ఆ లెక్కే సిబిల్‌కు పోతుంది. సిబిల్ అనేది 2000లో పెట్టిన ఒక సంస్థ పేరు. మనవాళ్ళ నోట్లో మార్కుల పేరే సిబిల్ అయిపోయింది. ఇట్లాంటి సంస్థలు దేశంలో నాలుగున్నాయి. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. మార్కులు 300 నుంచి 900 దాకా ఉంటాయి. 750 దాటితే మంచిదని బ్యాంకులు చూస్తాయి. మార్కుల కంటే రిపోర్టులో ఉండే గళ్ళే ముఖ్యం. నెలకొక గడి, అందులో ఎన్ని రోజులు ఆలస్యం అయిందో రాసి ఉంటుంది. ఇట్ల మూడేండ్ల చరిత్ర కనపడుతుంది. 90 రోజులు దాటితే ఆ అప్పును మొండి బాకీల్లో వేస్తారు.

ఇక్కడ చానామంది రెండు సంగతులు కలిపేస్తారు. మాండేట్ ఆపడం వల్ల మార్కులు తగ్గవు. కంతు ఒకసారి వాపసు పోవడం కూడా నేరుగా సిబిల్లో పడదు. పడేది ఆలస్యం. ఐదో తారీఖు వాపసు పోయిన కంతును రెండు మూడు రోజుల్లో ఫోన్‌పే ద్వారానో, ఆఫీసుకు పోయి కట్టి రసీదు తీసుకునో సరిచేసుకుంటే చాలావరకు గండం గడిచినట్టే. కానీ ఇదివరకటంత గడువు లేదు. నెలకోసారి పంపే లెక్కను 2025 జనవరి 1 నుంచి పదిహేను రోజులకోసారి, అంతకంటే ముందైనా సరే, పంపాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నెలాఖరు లోపల చూసుకుందాంలే అంటే కుదరదు.

మన ఇండ్లల్లో కంతులు వాపసు పోయేది డబ్బు లేక అనుకుంటాం. సగం సార్లు కారణం అది కాదు, తారీఖు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం వెయ్యి మంది లోపల పనిచేసే చోట 7వ తారీఖు లోపల, అంతకంటే ఎక్కువమంది ఉంటే 10వ తారీఖు లోపల సంబళం ఇవ్వాలని పెట్టింది. మిల్లుల్లో ఆ అలవాటే నిలిచిపోయింది. ఫైనాన్సోళ్ళేమో 3, 5 తారీఖులు పెడతారు. సంబళం రాకముందే కంతు వచ్చి తలుపు కొడుతుంది.

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. బైకు కంతు 2,850, మూడో తారీఖు. ఫోను కంతు 1,400, ఐదో తారీఖు. సంబళం పదో తారీఖు. మూడో తారీఖున ఖాతాలో 600 ఉంది. బైకు కంతు వాపసు పోయింది. బ్యాంకు చార్జీ 250, దానిమీద 18 శాతం జీఎస్టీ 45, మొత్తం 295 పట్టుకున్నారు. మిగిలింది 305. ఐదో తారీఖు ఫోను కంతు వాపసు, ఇంకో 295. మిగిలింది పది రూపాయలు. ఏడో తారీఖు ఫైనాన్సోళ్ళు బైకు కంతు కోసం ఇంకోసారి ప్రయత్నించారు, మూడో 295 బాకీ పడింది. సంబళం పడీపడగానే బ్యాంకు ముందు తన చార్జీ పట్టుకుంటుంది. అటుపక్క రెండు ఫైనాన్సులూ తలా 450 వేసినాయనుకుంటే 900. కలిపితే 1,785 రూపాయలు. ఒక నెల ఫోను కంతు కంటే ఎక్కువ, ఏ అప్పులోనూ ఒక్క రూపాయి తగ్గకుండానే పోయింది. ఈ చార్జీలు ఒక్కో బ్యాంకుకు ఒక్కో తీరు ఉంటాయి, కానీ కథ ఇదే.

దీనికి మందు మాండేట్ ఆపడం కాదు, తారీఖు మార్పించడం. అప్పిచ్చిన కంపెనీ బ్రాంచికి పోయి, "నా సంబళం పదో తారీఖు పడుతుంది, కంతు దాని తర్వాతకు మార్చండి" అని అర్జీ రాసివ్వండి. సంబళం పడిన మూడు నెలల పాస్‌బుక్ ఎంట్రీలు జత చేయండి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. అందరూ ఒప్పుకోరు, కానీ చాలా కంపెనీలు రెండు మూడు తారీఖుల్లో ఒకటి ఎంచుకోనిస్తాయి. మారేదాకా ఒక్క కంతు డబ్బు ఖాతాలో ఎప్పుడూ ఉండేట్టు చూసుకోవడం కష్టమే. పండగ బోనస్ వచ్చినప్పుడు ఆ పని చేసినవాళ్ళు చార్జీల బాధ నుంచి బయటపడినారు.

ఇంకొకటి ఉంది. బ్యాంకుకు పోయి ఆపించేవాళ్ళ కంటే, తెలియకుండా ఆపేసేవాళ్ళు మనలో ఎక్కువ. సిరుగుప్ప రైస్ మిల్లులో పని మాని బళ్ళారిలో జీన్స్ కుట్టే యూనిట్లో చేరతారు. ఆదోని జిన్నింగ్ మిల్లు సీజను అయిపోతే ఇటు వస్తారు. కొత్త యజమాని వేరే బ్యాంకులో ఖాతా తెరిపిస్తాడు. సంబళం కొత్తదాంట్లో పడుతుంది, మాండేట్ మాత్రం పాత ఖాతా మీదే ఉంటుంది. పాత సిమ్ము కూడా మార్చేసి ఉంటే మెసేజీలూ రావు. మూడు నెలలకు ఎవరో ఇంటికొచ్చి అడిగితేగానీ తెలీదు. మిల్లు మారినా, రాష్ట్రం మారినా ముందు పాత ఖాతాలో ఏయే మాండేట్లు ఉన్నాయో రాయించుకోండి. కొత్త ఖాతా మీద మాండేట్ ఇచ్చి, ఒక కంతు దాని నుంచి పోయిందని చూసుకున్నాకే పాతది మూయండి. 2025 మే 1న గ్రామీణ బ్యాంకులు కలిసిపోయినాయి. మన బళ్ళారే కేంద్రంగా కర్ణాటక గ్రామీణ బ్యాంకు, అవతలి పక్క ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడినాయి. ఆ ఖాతాలున్నవాళ్ళు కూడా ఒకసారి అడిగి తెలుసుకుంటే నష్టం లేదు.

అట్లని అన్నీ ఉంచుకోవాలని కాదు. ఫోన్లో సినిమాలు చూసే యాప్ ఏదో మొదటి నెల ఊరికే అని చెప్పి తర్వాత నెలనెలా పట్టుకుంటుంటే దాన్ని ఈరోజే తీసేయండి. అది అప్పు కాదు, సిబిల్‌కు సంబంధం లేదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటుకు పోతే మీరు ఇచ్చిన అనుమతులన్నీ కనపడతాయి, పిన్ కొట్టి రద్దు చేసుకోవచ్చు. అప్పు మొత్తం తీరిపోయినాక కూడా మాండేట్ మిగిలిపోతే అదీ తీసేయించాల్సిందే. బాకీ లేదనే పత్రం చేతికి తీసుకుని, దాని నకలు పెట్టి మీ బ్యాంకులో అర్జీ ఇవ్వండి.

మే నెలాఖరున పోయే 436 రూపాయలు, 20 రూపాయల సంగతి వేరు. అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాల ప్రీమియం. "ఎవరో దొబ్బేసినారు" అని కోపంతో ఆపేసిన ఇండ్లున్నాయి. జీవన్ జ్యోతిలో మనిషి ఏ కారణంతో పోయినా, సురక్షాలో ప్రమాదంలో పోతే, ఇంటికి 2 లక్షలొస్తుంది. ఆపి మళ్ళీ చేరితే జీవన్ జ్యోతిలో మొదటి 30 రోజులు ప్రమాదానికి తప్ప వేరే చావుకు డబ్బు రాదు. కానీ రెండు బ్యాంకుల్లో రెండు ఖాతాలుండి రెండుచోట్లా 436 పోతుంటే మాత్రం ఒకటి తీసేయండి. రెండుసార్లు కట్టినా వచ్చేది ఒక్కటే 2 లక్షలు.

వసూలుకు వచ్చే కుర్రోళ్ళు "మాండేట్ వాపసు పోయింది, పోలీసోళ్ళు వస్తారు" అని బెదిరిస్తారు. చట్టం ఉన్న మాట నిజం. ఖాతాలో డబ్బులేక మాండేట్ తిరిగిపోతే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద, చెక్కు బౌన్సు మాదిరే, రెండేండ్ల దాకా జైలో, రెండింతల దాకా జరిమానానో, రెండూనో పడచ్చు. అయితే దానికి వరస ఉంది. బ్యాంకు నుంచి కబురందిన 30 రోజుల్లో అప్పిచ్చినవాళ్ళు మీకు రాతలో నోటీసు పంపాలి. అది అందినాక మీకు 15 రోజులు గడువుంటుంది. ఆ లోపల కట్టేస్తే కేసు లేదు. కట్టకపోతే వాళ్ళు కోర్టుకు పోవాలి. కాబట్టి రిజిస్టర్ పోస్టు వస్తే "ఇంట్లో లేరు" అని తిప్పి పంపకండి, తీసుకోండి. చిన్న అప్పుల కంపెనీలవాళ్ళు పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదని కూడా రిజర్వ్ బ్యాంకు నియమం.

నిజంగా కట్టలేని పరిస్థితి వస్తే, మిల్లు మూతపడినా, చెయ్యి మిషన్లో పడినా, రెండో కంతు తప్పకముందే పోయి చెప్పుకోవడం మేలు. గడువు పెంచి కంతు తగ్గించమని అడగచ్చు. "ఇంత కట్టు, మిగతాది వదిలేస్తాం" అని చెప్పే సెటిల్‌మెంట్‌కు మాత్రం ఆలోచించి ఒప్పుకోండి. రిపోర్టులో ఆ అప్పు మూసినట్టు కాక సెటిల్ అయినట్టు పడుతుంది, తర్వాత అప్పిచ్చేవాళ్ళు దాన్ని మంచిగా చూడరు.

మీ రిపోర్టు మీరు చూసుకోవడం తప్పు కాదు, చూసుకుంటే మార్కులు తగ్గవు. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి ఊరికే ఇవ్వాలి. కట్టిన కంతు కట్టనట్టు పడి ఉంటే రసీదుతో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మీకే ఇవ్వాలి. అక్కడా పని కాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయచ్చు. వాళ్ళ ఫోను నంబరు 14448.

ఇక కొత్తగా అప్పు తీసుకోబోయేవాళ్ళు. మన దగ్గర కాగితాలన్నీ ఇంగ్లీషులోనో కన్నడలోనో పెడతారు, మనం తల ఊపి సంతకం పెడతాం. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి ఇంటి అప్పుకూ, వ్యక్తిగత అప్పుకూ, బండి అప్పుకూ ముఖ్యమైన వివరాల కాగితం ఒకటి ఇవ్వాలి. వడ్డీ, చార్జీలు, కంతు, వాపసు పోతే ఎంత జరిమానా, అన్నీ అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలని నియమం. తెలుగులో ఇవ్వమని అడగండి. లేదంటే ఎవరైనా మనవాళ్ళతో చదివించుకుని, కంతు తారీఖు దగ్గర వేలు పెట్టి, అది సంబళం తారీఖుకు ముందో వెనకో చూసి అప్పుడు సంతకం చేయండి.