నట్టు సడలనీయని చుక్క

మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టెలు నింపుకొని పుంగనూరు మీదుగా సాగు లారీ దారిపొడవునా వణకుచునే యుండును. కుప్పం ప్రాంతమున గ్రానైటు రాతిని కోయు యంత్రములు ఉన్నచోటనే అదరుచుండును. ఇట్టి అదురులో నట్టులు మెల్లమెల్లగా సడలుట మెకానిక్కులందరును ఎరిగినదే. లారీ బాడీలో ఒక నట్టు పోయినచో చప్పుడు పెరుగును, అంతే. రాతికోత రంపముపై కప్పిన రేకు నట్టు ఊడినచో పక్కన నిలిచిన మనిషి చేతికే ముప్పు.

గట్టిగా బిగించిన నట్టు తనంత తాను ఏల తిరుగును? కాగితమును త్రికోణముగా కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూడుడు. దాని ఏటవాలు అంచు బోల్టుమీది మరచుట్టువలె కనిపించును. అనగా మరచుట్టు చుట్టబెట్టిన వాలుతలమే. నట్టు ఆ వాలుమీద జారకుండ ఆపునది ఘర్షణ. స్పానరుతో మనము పడు శ్రమలో అధికభాగము ఘర్షణకే పోవును. బోల్టును సాగదీసి బిగువు కలిగించునది ఇంచుమించు 10వ వంతు మాత్రమే. బోల్టునకు అడ్డముగా కలుగు అదురు మిక్కిలి ప్రమాదకరమని 1969లో జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగపూర్వకముగా చూపెను. బిగించిన పలకలు ఒకదానిపై నొకటి అటునిటు జరిగినప్పుడు ఆ క్షణమునకు ఘర్షణ ఓడిపోవును, నట్టు వెంట్రుకవాసి వెనుకకు తిరుగును. వేలసార్లు ఇట్లు జరిగిన పిమ్మట మిగులునదేమి? స్ప్రింగు వాషరుపై మన వర్కుషాపులలో గల నమ్మకము ఇట్టి పరీక్షలకు నిలువలేదు.

నట్టు మరచుట్లు బోల్టు మరచుట్లకు అంతటను ఆనవు. నడుమ సన్నని సందులుండును. ఆ సందులలో నిండి గట్టిపడు ద్రవమే థ్రెడ్‌లాకరు. మామూలు జిగురు గాలికి ఆరును. దీని స్వభావము తలక్రిందులు: గాలి తగులునంతసేపు ద్రవముగా నుండి, గాలి అందనిచోట లోహము తగిలిన పిమ్మట గట్టిపడును. ద్రవములోని మిథాక్రిలేటు అణువులు గొలుసుగా చేరబోవునప్పుడెల్ల ఆమ్లజని ఆ గొలుసును మొదటనే తెంపివేయును. నట్టు లోపల ఆమ్లజని కరవై, ఇనుము, రాగి అయానులు చర్యను రేపుటతో గొలుసులు పెరిగి ఘనపదార్థమగును. ఇట్టి ద్రవము జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ముందే తయారైనను, అది గట్టిపడకుండ ఎల్లప్పుడు గాలిబుడగలు పంపుచుండవలసి వచ్చెడిది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌నందలి ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో ఈ చిక్కును విప్పెను. లాక్‌టైట్ అను పేరు అటనుండి వచ్చినదే. దీని సీసాను గాలి చొరబడు ప్లాస్టిక్కుతో చేసి, నిండుగా నింపక విడుచుదురు. అంగడివాడు మోసగించెనని అనుకొనరాదు!

రకము నెన్నుకొనుటకు ఒక ప్రశ్న చాలును: ఈ నట్టును మరల విప్పవలెనా? 6 మిల్లీమీటర్లలోపు సన్నని మరమేకులకు ఊదారంగుది తగును. 6 నుండి 20 మిల్లీమీటర్ల బోల్టులకు, స్పానరుతో విప్పదగినవానికి, నీలిది. ఎర్రదానిని విప్పుటకు సుమారు 250 సెంటీగ్రేడు డిగ్రీలకు కాచి, వేడిమీదనే తిప్పవలెను. పెట్రోలు టాంకీ దాపున ఆ పని ఎవరు చేయుదురు? నెలనెలా విప్పు రంపపు కప్పునకు నీలిదే మేలు. ఆకుపచ్చది పలుచన, బిగించిన నట్టులోనికి సైతము పాకును. రంగులు తయారీదారుల వాడుకయే గనుక సీసాపై వ్రాసినది కూడ చదువవలెను. లారీ చక్రపు నట్టులకు దీనిని పూయక, తయారీదారు చెప్పిన బిగింపునే పాటించవలెను.

పూయుటకుముందు జిడ్డు తీయవలెను. కిరసనాయిలుతో కడిగి ఊరకుండిన లాభములేదు, అదియు జిడ్డే. అసిటోనుతో తుడిచి ఆరనీయవలెను. ఆరపారగా తొలచిన రంధ్రమైనచో నట్టు కూర్చుండుచోట బోల్టుపై చుక్క వేయవలెను. అడుగు మూసిన రంధ్రమైనచో అడుగుననే వేయవలెను. లేనిచో మరను తిప్పుచుండగా లోపలి గాలి ద్రవమును పైకి నెట్టివేయును. పిదప సరియైన బిగింపు ఇచ్చి, పూర్తి బలమునకు 24 గంటలు ఆగవలెను. మదనపల్లె చలికాలపు ఉదయములలోను, స్టెయిన్‌లెస్ స్టీలుపైనను, జింకుపూత పైనను ఆలస్యమగును. పాలికార్బనేటు వంటి కొన్ని ప్లాస్టిక్కులు దీనివలన పగులును. చర్మమునకు తగులనీయరాదు.

పాఠశాలలో నీలిరకముతో ఉపాధ్యాయుడు స్వయముగా చేతితొడుగులు వేసికొని దీనిని చూపవచ్చును. ఒక చుక్క గాజుపలకపైనను, ఒక చుక్క పూతలేని ఇనుప బోల్టుపైనను వేసి, బోల్టునకు నట్టు ఎక్కించి ఉంచవలెను. మరునాటికి నట్టు వ్రేళ్ళకు లొంగదు. గాజుపై చుక్క ఇంకను తడిగానే యుండును.