నాలుగు మీటర్ల లోపు వేగం

వెనుక తలుపు పైకి తెరుచుకుంటూ, సామాను పెట్టే చోటు ప్రయాణికులు కూర్చునే భాగంతో కలిసి ఉండే చిన్న కారును హ్యాచ్‌బ్యాక్ అంటారు. అటువంటి కారు ఆకారాన్నీ సీట్లనూ దాదాపు అలాగే ఉంచి, ఇంజిన్ శక్తిని పెంచి, సస్పెన్షన్‌ను బిగించి, బ్రేకులను మెరుగుపరిస్తే అది పర్ఫార్మెన్స్ హ్యాచ్‌బ్యాక్ అవుతుంది. వాడుకలో దీనికే హాట్ హ్యాచ్ అని పేరు. ఇంటి అవసరాలకూ, బండి నడపడంలోని ఆనందానికీ ఒకే వాహనం చాలాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 1970లలో యూరప్‌లోని పలు కంపెనీలు ఈ దారి పట్టినా, ఈ తరగతికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినది ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ప్రదర్శించి 1976లో అమ్మకానికి తెచ్చిన ఆ కారు 1.6 లీటర్ల ఇంజిన్ 110 పీఎస్ శక్తినిచ్చేది. పీఎస్ అంటే మెట్రిక్ హార్స్‌పవర్. ఈనాటి లెక్కలో ఆ శక్తి పెద్దది కాకపోయినా, కారు బరువు 800 కిలోల పైచిలుకు మాత్రమే కావడం వల్ల ఆనాటి ఖరీదైన కార్లను అది ధైర్యంగా వెంబడించగలిగింది. 5,000 కార్లు తయారుచేస్తే చాలని మొదట భావించిన కంపెనీ, ఆ మొదటి తరంలోనే నాలుగు లక్షలకు పైగా అమ్మింది.

భారతదేశంలో ఈ తరగతి కథను ఇంజినీర్ల కంటే ముందు పన్ను చట్టం నిర్ణయించింది. పొడవు 4,000 మిల్లీమీటర్లకూ, పెట్రోల్ ఇంజిన్ పరిమాణం 1,200 సీసీకీ మించని కార్లను చిన్న కార్లుగా లెక్కించి, వాటిపై తక్కువ పన్ను వేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అటువంటి కార్లపై జీఎస్టీ 18 శాతం కాగా, ఆ హద్దు దాటిన కార్లపై అది 40 శాతం. ఈ రెండు హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా రాయితీ పోతుంది. 2015లో వచ్చిన అబార్త్ పుంటో దీనికి మంచి ఉదాహరణ. పొడవు నాలుగు మీటర్ల లోపే ఉన్నా, 145 హార్స్‌పవర్ ఇచ్చే దాని 1.4 లీటర్ల ఇంజిన్ 1,368 సీసీ కావడంతో చిన్న కారు రాయితీ దానికి అందలేదు. అయినా దాన్ని 9.95 లక్షల రూపాయలకు అమ్మకానికి పెట్టడం ఆనాటికి సాహసమే అనాలి. ఆ మరుసటి ఏడాది 192 పీఎస్ ఇంజిన్‌తో, విదేశంలో పూర్తిగా తయారై దిగుమతైన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ ధర 25.99 లక్షలు పలికింది. పైగా దానికి పక్కన రెండే తలుపులు ఉండటంతో, ముందు సీటును వంచితే తప్ప ఎవరూ వెనుకకు ఎక్కలేని ఆ కారు ఇంటిల్లిపాదీ తిరిగే కుటుంబాలకు మొదటే దూరమైంది.

కాబట్టి ఇక్కడి కంపెనీలకు మిగిలిన మార్గం టర్బోచార్జర్. ఇంజిన్ నుంచి వెలువడే పొగ ఒత్తిడితో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని సాయంతో సిలిండర్లలోకి ఎక్కువ గాలిని నెట్టే ఈ పరికరం, ఇంజిన్ పరిమాణాన్ని పెంచకుండానే శక్తిని పెంచుతుంది. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 998 సీసీతోనూ, 2024లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్ 1,199 సీసీతోనూ ఒకే విధంగా 120 పీఎస్ రాబట్టగలగడం దీనివల్లనే. మొదటి దాని టార్క్, అంటే చక్రాలను తిప్పే మెలితిప్పు బలం, 172 న్యూటన్ మీటర్లయితే రెండవ దానిది 170. ఈ ఇంజిన్లు అదే కంపెనీల వెన్యూ, నెక్సాన్ ఎస్‌యూవీలలోనూ ఉన్నందున ఖర్చు పంచుకునే వీలు కలిగి, ఐ20 ఎన్ లైన్ 9.84 లక్షలకూ, ఆల్ట్రోజ్ రేసర్ 9.49 లక్షలకూ మొదలయ్యాయి. ఇవన్నీ ఎక్స్‌షోరూమ్ ధరలు, అంటే లైఫ్ ట్యాక్సు, బీమా కలపనివి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కారు ధర పెరిగేకొద్దీ లైఫ్ ట్యాక్సు శాతం కూడా శ్లాబుల వారీగా పెరుగుతుంది కనుక, షోరూమ్‌లో కనిపించే ధరల తేడా రిజిస్ట్రేషన్ నాటికి ఇంకా పెద్దదవుతుంది.

టర్బోకు ఒక స్వభావం ఉంది. యాక్సిలరేటర్ తొక్కిన క్షణానికీ, గాలి ఒత్తిడి పెరిగి బండి ఉరికే క్షణానికీ మధ్య కొద్దిపాటి ఆలస్యం జరుగుతుంది. దీన్ని టర్బో లాగ్ అంటారు. ఆ ఆలస్యాన్ని ముందే ఊహించి సరైన గేర్‌లో సిద్ధంగా ఉండటం డ్రైవర్ నేర్పు. అందుకే ఈ చిన్న టర్బో కార్లలో మంచి మాన్యువల్ గేర్‌బాక్సు ఆనందానికి అలంకారం కాదు, ఆధారం. ఆల్ట్రోజ్ రేసర్‌ను ఆరు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే తీసుకురావడం, 2023లో ఐ20 ఎన్ లైన్‌కు కూడా ఆరు గేర్ల మాన్యువల్ ఇవ్వడం మెచ్చదగిన నిర్ణయాలు.

వీలు సంగతికొస్తే, ఆల్ట్రోజ్ డిక్కీ 345 లీటర్లు, ఐ20ది 311 లీటర్లు కాగా, రెండింటికీ వెనుక కూర్చునేవారికి వేరుగా తలుపులున్నాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ప్రమాద పరీక్షల్లో పెద్దల భద్రతకు సంబంధించి 2020లో ఆల్ట్రోజ్ 5 నక్షత్రాలు సాధించగా, 2022లో ఐ20కి 3 దక్కాయి. ఇవి మామూలు రకాలపై జరిగిన పరీక్షలే అయినా, వేగం కోసం కొనే కారు విషయంలో వాటిని తేలికగా తీసుకోరాదు.

2025 మేలో 52.99 లక్షల ధరతో భారత్‌కు వచ్చిన గోల్ఫ్ జీటీఐ ఈ తరగతి పైఅంచును చూపిస్తుంది. 265 పీఎస్ శక్తితో అది 5.9 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటుంది. దీని ధర ఆల్ట్రోజ్ రేసర్ ప్రారంభ ధరకు అయిదున్నర రెట్లు ఉండగా, శక్తి రెండు రెట్లకు కొంచెం మించుతుంది. ఆ కారు గొప్పతనం శక్తిలో కంటే, ముందు చక్రాల మధ్య బలాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంచే డిఫరెన్షియల్‌లో ఉంది. మలుపులో లోపలి చక్రం పట్టు తప్పి ఊరికే తిరగబోతే, బయటి చక్రానికి బలాన్ని మళ్లించి కారును గీత తప్పకుండా లాగుతుంది. అయితే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు కాగా, నల్లమలలోని శ్రీశైలం ఘాట్‌లోనూ, శృంగవరపుకోట నుంచి అరకుకు ఎక్కే దారిలోనూ ఏ మలుపు చాటునుంచి బస్సు వస్తుందో తెలియదు. అటువంటి దారుల్లో 265 పీఎస్‌ను పూర్తిగా వాడే చోటు చట్టబద్ధంగా దొరకదు. 120 పీఎస్ కారును మాత్రం రెండో గేర్ నుంచి మూడో గేర్‌కు మారుస్తూ, స్టీరింగ్ చెప్పే కబురు వింటూ, దాని శక్తిలో ఎక్కువ భాగాన్ని మితమైన వేగంలోనే అనుభవించవచ్చు. పెద్ద శక్తిని నిజంగా పరీక్షించదలచినవారికి చెన్నై, కోయంబత్తూరు రేస్ ట్రాకులు ఉన్నాయి.

ఇంత అనుకూలత ఉన్నా ఈ కార్లు మన మార్కెట్‌లో నిలదొక్కుకోలేకపోవడం బాధ కలిగించే విషయం. 102 పీఎస్ టర్బోతో 2017లో వచ్చిన మారుతి బలెనో ఆర్ఎస్, కోయంబత్తూరుకు చెందిన జయెమ్ సంస్థతో కలిసి టాటా 2018లో 6.39 లక్షలకే తెచ్చిన 114 పీఎస్ టియాగో జేటీపీ, రెండూ 2020లో బీఎస్6 ఉద్గార నిబంధనల వేళకు కనుమరుగయ్యాయి. ఫోక్స్‌వ్యాగన్ టర్బో కారు పోలో జీటీ టీఎస్ఐ కూడా ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోనే దొరుకుతుంది. 105 పీఎస్ ఇచ్చిన తొలి పోలో జీటీ టీఎస్ఐను కొనేవారు దాని ఏడు గేర్ల ఆటోమేటిక్‌లో ఆయిల్‌లో మునగని పొడి క్లచ్చులు ఉన్నాయనీ, ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ ఉంటే అవి వేడెక్కుతాయనీ గమనించి, ఖాళీ రోడ్డుపై కాక నగరం రద్దీలో కనీసం అరగంట నడిపి చూసి, గేర్లు కుదుపు లేకుండా మారుతున్నాయో లేదో తేల్చుకున్న తర్వాతే బేరమాడాలి.