తొట్టిలో తమ్మిలేరు

చింతలపూడి మెట్ట మీదుగా దిగే తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేరు సరస్సులో కలుస్తుంది. వాలు తగ్గిన చోట నీటి వడి తగ్గుతుంది. వడి తగ్గిన చోట ఇసుక దిగిపోతుంది. పుస్తకంలో ఇది రెండు ముక్కల్లో అయిపోతుంది. బడి వరండాలో ఐదడుగుల రేకు తొట్టి పెడితే మాత్రం పిల్లలు కళ్లారా చూస్తారు.

తొట్టిలో రెండంగుళాల మందాన జల్లించి కడిగిన సన్న ఇసుక పరవాలి. మట్టి మిగిలితే నీళ్లు బురదై ఏమీ కనిపించదు. ఒక కొస కింద ఇటుక పెడితే అది మెట్ట. రెండో కొసన అడుగున్నర మేర ఇసుక లేకుండా వదిలితే కొల్లేరు. అక్కడ రంధ్రానికి తగిలించిన రబ్బరు గొట్టమే కొల్లేరు నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేరు. గొట్టం మూతిని పైకి ఎత్తినా కిందికి దించినా సరస్సు మట్టం మారుతుంది.

చాలామంది పట్టించుకోనిది నీటి ధార. మెట్ట కొసన కుళాయి ఉన్న బకెట్ పెట్టి నీళ్లు వదులుతాం. బకెట్‌లో నీళ్లు తగ్గేకొద్దీ కుళాయి ధార సన్నబడుతుంది. అప్పుడు మేట మారింది వాలు వల్లనో, ధార వల్లనో తేల్చలేం. బకెట్ పైభాగాన పొర్లు రంధ్రం వేసి, అది ఎప్పుడూ కారుతుండేలా నీళ్లు పోస్తూ ఉంటే ధార నిలకడగా ఉంటుంది. లీటరు సీసా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి.

ధార వదిలితే ఏరు తన దారి తానే కోసుకుంటుంది. సరస్సు అంచున మేట వేస్తుంది. ఇప్పుడు గొట్టం మూతి ఎత్తండి. మట్టం పెరిగి, ఇసుక దిగే చోటు ఎగువకు జరుగుతుంది. ఏటి అడుగు పూడి నీళ్లు గట్లు పొర్లుతాయి. ఉప్పుటేరు ఇరుకై సరస్సు మట్టం పెరిగితే ముంపు వెనక్కి ఎందుకు పాకుతుందో దీనికన్నా స్పష్టంగా చూపే పాఠం నాకు తెలియదు. 2006లో కొల్లేరులో ప్రభుత్వం తొలగించిన చేపల చెరువుల గట్ల సంగతి తెలియాలంటే సరస్సులో రేకు ముక్కలు అడ్డంగా నిలబెట్టి అదే ధార మళ్లీ వదలాలి.

కొలతల దగ్గర జాగ్రత్త. చింతలపూడి నుంచి కొల్లేరు దాకా దాదాపు 50 కిలోమీటర్లు. దాన్ని ఐదడుగులకు కుదిస్తే రెండు మీటర్ల లోతు వెంట్రుక మందమే మిగులుతుంది. అందుకే లోతును కావాలనే పెంచి చూపిస్తాం. 1885లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ మెర్సీ నది ముఖద్వారానికి చేసిన నమూనాలోనూ అంతే. ఇసుకనైతే అసలే కుదించలేం. మరీ సన్నబడితే రేణువులు బంకమట్టిలా అతుక్కుంటాయి. ప్రయోగశాలల్లో బదులుగా తేలికైన బొగ్గుపొడి, ప్లాస్టిక్ పూసలు వాడతారు.

పోలవరం స్పిల్‌వే నమూనాను పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా కేంద్రంలో పరీక్షించారు. అలాంటి నమూనాను నూరో వంతుకు కడితే నీటి వడి పదో వంతు, ప్రవాహం లక్షో వంతు అవుతాయి. 50 లక్షల క్యూసెక్కుల వరద 50 క్యూసెక్కులకు దిగినా, సెకనుకు 1,400 లీటర్ల నీళ్లు కావాలి. మన తొట్టికి ఆ లెక్కలు కట్టకూడదు. మేట ఎక్కడ పడింది, ఎటు జరిగింది అన్నంత వరకే అది నమ్మకంగా చెబుతుంది. ఎన్నేళ్లకు పడుతుందో చెప్పలేదు.