శునక మార్జారముల సంధివాతము – నిదానపంచక పరిశీలనము

మహాభారతమున ఆదిపర్వారంభమందలి సరమోపాఖ్యానము విద్వల్లోకమునకు సుపరిచితము. జనమేజయుని యజ్ఞవాటికలో అతని తమ్ములు నిరపరాధియగు కుక్కపిల్లను కొట్టగా, దాని తల్లియైన సరమ రాజునెదుట నిలిచి బిడ్డ పడిన బాధను చెప్పెను. సరమ దేవశుని గనుక పలుకగలిగినది. లోకమునందలి కుక్కకును పిల్లికిని ఆ శక్తి లేదు. కీళ్లు నొచ్చినపుడు అవి చెప్పజాలవు. చూచువారు ‘ముసలిదైనది’ అని ఊరకుందురు. ఆ ఒక్కమాట చాటున దాగియున్న వ్యాధిని గుర్తించుటకు ఆయుర్వేదమందలి నిదానపంచకము ఎట్లుపకరించునో, ఆధునిక పశువైద్యముతో అది ఎంతవరకు పొసగునో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

గజములకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము కలదు. అశ్వములకు శాలిహోత్రుని పేరను, నకులుని పేరను వెలసిన గ్రంథములు కలవు. తెలుగున మనుమంచిభట్టు అశ్వశాస్త్రమును పద్యములలో రచించెను. ఇవి రాజ్యరక్షణకు కావలసిన జంతువులు. ఇంట తిరుగు కుక్కపిల్లులకు ఈ కోవకు చెందిన ప్రసిద్ధ చికిత్సాగ్రంథము లేదు. అయినను వాటి గృహసంబంధము శాబ్దికులకు తెలియనిది కాదు. పాణిని కులశబ్దమునుండి శునకార్థమున కౌలేయక శబ్దమును సాధించెను. ఇంటిదైన ప్రాణి బాధకు ఇంటివారే సాక్షులు.

రోగమును తెలిసికొనుటకు సుశ్రుతుడు ఆరు ఉపాయములను చెప్పెను. పంచేంద్రియములచే పరీక్షించుట అయిదు; ప్రశ్నించుట ఆరవది. మూగజీవి విషయమున ఈ ఆరవ ఉపాయము యజమానివైపు మరలును. అతడు గమనించి చెప్పనిచో వైద్యునికి సగము దారి మూసికొనిపోవును. నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అను అయిదింటిని యజమాని ఎరిగియుండవలసినది ఇందుకే. సౌలభ్యమునకై ఇందు ఉపశయము చివర చెప్పబడుచున్నది.

నిదానమనగా కారణము. కుక్కలలో ఈ వ్యాధికి తుంటికీలు, మోచేయికీలు పుట్టుకతో సరిగా అమరకపోవుట, మోకాలిలోని బంధనము తెగుట, పూర్వము తగిలిన దెబ్బలు, అధికస్థౌల్యము ముఖ్యకారణములు. కావున ఇది ముసలికుక్కలకే వచ్చునదని తలచరాదు. అమరిక దోషముగల కుక్కకు చిన్నవయస్సుననే ప్రారంభము కావచ్చును. పిల్లులలో పెక్కింటికి ప్రత్యేకకారణము కనబడకయే వయస్సుతోపాటు వచ్చుచుండును. అమెరికాలో 2002లో ప్రకటితమైన ఒక పరిశీలనలో 12 ఏండ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రే చిత్రములను చూడగా 90 పిల్లులలో కీళ్ల క్షయలక్షణములు కనబడెను. చిత్రమున కనబడిన ప్రతిమార్పును నొప్పి కలిగించునని చెప్పరాదు గాని, ఈ వ్యాధి అరుదు కాదనుటకు ఇది చాలును.

పూర్వరూప రూపములయందు కుక్కకును పిల్లికిని భేదము కలదు. కుక్క నిద్రలేచినపుడు కాళ్లు బిగిసికొని మెల్లగా కదలును. కొంత నడచిన పిమ్మట సడలును. షికారులో వెనుకబడును, మెట్లెక్కుటకు జంకును, క్రమముగా కుంటును. పిల్లి సాధారణముగా కుంటదు. గోడపైకి ఒక్కదూకున ఎక్కునది మధ్యలో పీట వెదకికొనును. పిదప ఎక్కుటయే మానును. ఒడలు నాకి శుభ్రపరచుకొనుట తగ్గి వీపున వెండ్రుకలు చిక్కుపడును. గోళ్లు పెరిగిపోవును. అంచు ఎత్తుగానున్న మలపాత్రను దాటలేక వెలుపలనే విసర్జించును. ఎత్తబోయినచో కసరును. వీనిని వార్ధక్యమనియో పొగరనియో ఇంటివారు భావింతురు.

సంప్రాప్తిని గూర్చి చరకుడు సంధిగతవాతమున గాలినిండిన తోలుతిత్తిని తాకినట్లుండు వాపును, చాచునపుడును ముడుచునపుడును కలుగు వేదనను పేర్కొనెను. కీళ్లకు స్నిగ్ధతనిచ్చునది శ్లేషకకఫమని వాగ్భటుని మతము. అది క్షీణింపగా వాతము ప్రకోపించునని వైద్యులు వివరింతురు. ఆధునికుల పరిభాష వేరు. ఎముకల కొనలయందలి మృదులాస్థి అరుగును. కీలును కప్పిన పొర వాచును. అంచులలో క్రొత్త ఎముక మొలచును. అరిగిన మృదులాస్థిని మరల పూర్వస్థితికి తెచ్చు ఔషధము లేదు. కనుక చికిత్సకు లక్ష్యము వేదనాశమనము, చలనరక్షణము.

ఇక ఉపశయము. లక్షణములు గూఢములైన వ్యాధిని ఉపశయానుపశయములచే తెలిసికొనవలెనని చరకుడు విమానస్థానమున చెప్పెను. అనగా ఇచ్చినది హితమై బాధ తగ్గినచో ఆ రోగమే కలదని ఊహింపవలెను. నేటి పశువైద్యులు పిల్లుల విషయమున అనుసరించు పద్ధతియు ఇదియే. సందేహమున్నపుడు కొన్నిదినములు వేదనాహరమైన మందునిచ్చి చూతురు. మానివేసిన గంతులు మరల వేసినచో, అది వయస్సు కాదు, నొప్పియే అని నిశ్చయింతురు. నిదానపంచకమందు మూగజీవులకు మిక్కిలి ఉపకరించునది ఈ అంశమే.

ఉపశయము ఔషధ అన్న విహారములని త్రివిధము. వీనిలో అన్నము ప్రథమమున చెప్పదగినది. 2002లోనే ప్రకటితమైన మరియొక పరిశోధనలో 48 లాబ్రడార్ కుక్కలను జంటలు చేసి, ప్రతిజంటలో ఒకదానికి రెండవదానికంటె 25 శాతము తక్కువ ఆహారము నిచ్చిరి. తక్కువ తిన్నవాని మధ్యస్థాయువు 13 సంవత్సరములు; తక్కినవానికి 11.2 సంవత్సరములు. కీళ్లవ్యాధికి చికిత్స అవసరమగుటయు మొదటివానిలో ఆలస్యమైనది. నిదానపరివర్జనమే చికిత్సయందు మొదటి మెట్టను ఆయుర్వేదసిద్ధాంతమునకు ఇది చక్కని ఉదాహరణము. పిల్లిని మాత్రము పస్తుంచరాదు. లావుపాటి పిల్లి కొన్నిదినములు తిననిచో కాలేయము చెడును. క్రమముగా తగ్గింపవలెను.

విహారమున మితవ్యాయామము ముఖ్యము. వారమంతయు కట్టియుంచి ఒకదినము పరుగెత్తించుటకంటె దినదినము కొద్దిదూరము నడిపించుట మేలు. నున్నని గచ్చుపై జారకుండ గోనెపట్టాయో చాపయో పరువవలెను. మెత్తని వెచ్చని పడక, పిల్లికి అంచు తక్కువైన మలపాత్ర, ఎక్కుటకు నడుమ ఒక పీట అమర్చవలెను.

ఔషధవిషయమున జాగరూకత అత్యావశ్యకము. మనుష్యులు వాడు పారాసిటమాల్ మాత్ర ఒక్కటియైనను పిల్లి ప్రాణము తీయవచ్చును. దానిని విరిచి వెలువరించు శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. రక్తము ప్రాణవాయువును మోయలేనిదగును. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్‌లు కుక్కకు కడుపులో పుండ్లను, మూత్రపిండములకు హానిని కలిగించును. మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ వంటివి రక్తపరీక్ష చేయించి పశువైద్యుడు నిర్ణయించిన మోతాదున మాత్రమే ఈయదగినవి. నాడీవృద్ధికారకమును అడ్డగించి నెలకొకసారి సూదిమందుగా నిచ్చునవి ఇటీవలివి. అమెరికాలో పిల్లులకు ఫ్రునెవెట్‌మాబ్ 2022లోను, కుక్కలకు బెడిన్‌వెట్‌మాబ్ 2023లోను అనుమతి పొందెను. రెండవదాని విషయమున తూలుట, మూర్ఛ మొదలగు ఉపద్రవములు కొన్ని కుక్కలలో కనబడినట్లు తమకు నివేదికలు అందినవని అక్కడి ఔషధనియంత్రణ సంస్థ 2024లో పశువైద్యులను హెచ్చరించెను.

ఇందు శాస్త్రజ్ఞులకు ఒక హెచ్చరిక కూడ కలదు. సంధిగతవాతమునకు చెప్పిన గుగ్గులుయోగములు గ్రంథమున నున్నవిగదాయని కుక్కకో పిల్లికో పోయుట శాస్త్రము కాదు. ఆ యోగములు మనుష్యప్రకృతిని, మనుష్యమాత్రను ఉద్దేశించి చెప్పబడినవి. మనుష్యచికిత్సయే గజమునకును చాలునని భావించినచో హస్త్యాయుర్వేదము వేరుగా పుట్టనవసరము లేదు. ప్రాణిభేదమును బట్టి చికిత్సాభేదమని పూర్వులు ఎరుగుదురనుటకు ఆ గ్రంథమే ప్రమాణము. గ్రంథమునుండి గ్రహింపవలసినది మందుల పట్టిక కాదు, పరీక్షాపద్ధతి. గడపలోని కుక్క లేచుటకు తడవు చేసినపుడు, అటుకపై నుండు పిల్లి నేలపైననే పడుకొన్నపుడు, ‘ముసలిదైనది’ అని విడువక ‘నొప్పియేమో’ అని ఆలోచించి వైద్యునికడకు కొనిపోవుటయే నిదానపంచకము నేర్పు పాఠము.